ఏటవతల

ముప్పై ఒక్క ఏళ్ళు
నాంటికోక్ తపాలా ఆఫీసులో
ఇతరుల చేతిరాత చదివి బతికాను.
వానకి కరిగిన సిరా, ఇంటి నంబరు మరిచిన మేనత్త,
వీధి పేరు బదులు చర్చి వెనక పచ్చ తలుపు అని రాసినవాడు,
అందరి ఉత్తరాలూ గుమ్మం దాకా చేర్చాను.

మా ముత్తాతని మాత్రం చేర్చలేకపోయాను.

ఓడ జాబితాలో ఆయనది పద్దెనిమిదో వరస.
వాలెంతి. వయసు ఇరవై రెండు. కూలి.
చేతిలో తొమ్మిది డాలర్లు.
దేశం అన్న గడిలో ఆస్ట్రియా.
పెళ్ళి కాగితంలో రష్యా.
గని వాళ్ళ రిజిస్టరులో ఒక అడ్డగీత.
తాగిన రాత్రి మాత్రం పోలెండ్ అనేవాడట,
అప్పటికి ఏ పటంలోనూ లేని దేశాన్ని
ఇప్పుడే పెరట్లోంచి వచ్చినట్టు.

సంతకం చోట మూడు శిలువ గుర్తులు.
వాటి మీద వేలు పెట్టి చూశాను.
మూడోది కాస్త వాలింది.
అంతకు మించి ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు.

ఇంటిపేరుకి ఏడు రూపాలు దొరికాయి.
జీతాల గుమాస్తా ఒకలా, పాదిరి ఒకలా,
సమాధి రాయి చెక్కినవాడు
అక్షరానికి ఇంతని లెక్కకట్టి రెండు మింగేసి ఇంకోలా.
మా నాన్న దాకా వచ్చేసరికి అది విజ్డల్.
అసలుది గ్విజ్దావా అనీ,
ఆ మాట పుట్టింది ఈలలోంచి అనీ
అరవై ఆరో ఏట తెలిసింది నాకు.

ఈల.
గనిలో ఈల వేస్తే పైకప్పు కూలుతుందని
ఇక్కడ పసివాడికి కూడా తెలుసు.
ఇంటిపేరులోనే ఈల పెట్టుకున్నవాడు
పంతొమ్మిదేళ్ళు నోరు బిగించి దిగాడు,
తెల్లవారకముందు దిగి, చీకటిపడ్డాక ఎక్కి.
మా నాయనమ్మ
ఇంట్లో ఎవరు ఈల వేసినా చెక్క గరిటెతో వేళ్ళ మీద కొట్టేది.
ఎందుకే అంటే, ఏమో, మా ఇంట్లో అంతే అనేది.

ఊరి పేరు ఒకే ఒక్కచోట ఉంది,
పౌరసత్వ దరఖాస్తులో, చివరి గడిలో, ఇరుకుగా.
జాజెచె.
నిఘంటువు తీశాను.
ఏటవతల.

ఏ ఏరు?
పటం విప్పితే ఆ దేశం నిండా ఏటవతలలే.
ప్రతి ఏటికీ ఒక అవతల,
అవతలి వాళ్ళకి మళ్ళీ మనమే అవతల.
ఏరు మూలం అడగకూడదంటారు,
ఏటవతల మూలం సంగతి ఎవరూ చెప్పలేదు.

దక్షిణాన కొండల దాపునున్నవి ఏరుకుని
నాలుగు ఉత్తరాలు రాశాను.
అలవాటు పోలేదు: గుండ్రటి అక్షరాలు, నిటారుగా స్టాంపు.
రెండు తిరిగొచ్చాయి.
ఒకటి మునిగినట్టే.
నాలుగోదానికి గళ్ళకాగితం మీద జవాబు,
ఇవోనా మాదెయ్ అనే స్కూలు టీచరు నుంచి:

"ఆ ఇంటిపేరు వాళ్ళు మా ఊళ్ళో లేరు.
సమాధుల తోటంతా తిరిగాను, అక్కడా లేరు.
కానీ ఏటి వంపులో ఒక చెక్క పొలాన్ని
గ్విజ్దవుఫ్కా అంటాం.
గాలి ఈల వేస్తుంది కాబట్టి ఆ పేరని
పిల్లలకి ఇన్నేళ్ళుగా చెప్పుకొస్తున్నాను.
ఈ సోమవారం సరిదిద్దుతాను.
ప్రస్తుతం అందులో బీట్‌రూటు వేశారు."

నేను ఊరి కోసం అడిగితే
ఊరికే తన పొలం పేరు దొరికింది.

అదే ఊరని రుజువేంటి, అంది బెర్నిస్,
చేతిలో కాఫీ, కళ్ళద్దాలు నెత్తి మీద.
రుజువు లేదు.
ఇలాంటి కవరు ఏ అరలో వెయ్యాలో
నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు.
వెయ్యలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం వసారాలోకి వచ్చి
(ఇంట్లో కాదు, వేళ్ళకి గరిటె ఇంకా గుర్తే)
పెదాలు తడుపుకుని ఊదాను.
గాలే వచ్చింది.
మళ్ళీ గాలే.
ఎదురింటి ముసలి కుక్క మాత్రం
ఒక చెవి లేపి, దించలేదు.